ఖాళీ గది చప్పుడు

దయ్యం సినిమాలో దయ్యం సరిగ్గా కుదరకపోయినా నడిచిపోతుంది గానీ, చప్పుడు కుదరకపోతే మాత్రం ఆ సినిమాని దేవుడు కూడా కాపాడలేడు. ఈ మాట సినిమా వాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. కానీ చప్పుడు పెట్టడం గొప్ప కాదు, ఎక్కడ ఆపాలో తెలియడమే గొప్ప అన్నది మాత్రం మన మిక్సింగ్ ఆయన సొంత సిద్ధాంతం. మాటలు, సంగీతం, అడుగుల చప్పుళ్ళు, గాలి, వాన అన్నీ వేటికవి విడిగా ఆయన దగ్గరికొస్తాయి. వాటిని కలిపి, దేన్ని పెంచాలో దేన్ని తొక్కిపెట్టాలో తేల్చి పంపేది ఆయనే. ఆయన జీవితంలో ముప్పాతిక భాగం ఆ కిటికీల్లేని గదిలో, మీటల బల్ల ముందు, ఒకే కుర్చీలో గడిచిపోయింది.

స్టూడియోలో ఆయన్ని ఎదురుగా గురువుగారూ అంటారు, చాటుగా పాముచెవులాయన అంటారు. నిజం చెప్పాలంటే ఆయనకి రెండోదే ఎక్కువ ఇష్టం. ఎప్పుడో ఒక పాట కలుపుతూ మధ్యలో ఆపి, "ఆ ఫ్లూటు ఊదేవాడి చేతికి ఉంగరం తీయించండయ్యా, వేలు కదిలినప్పుడల్లా టిక్కుమంటోంది" అన్నాడట. చూస్తే నిజంగానే ఉంగరం ఉందట. ఈ కథ నోళ్ళు మారి మారి ఎంత పెరిగిందంటే, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు ఆ ఉంగరంలో రాయి ఏ రంగుదో కూడా చెబుతున్నారు. ఆయన మాత్రం ఔననడు, కాదనడు. మీసాల్లో నవ్వుకుంటాడు.

అలాంటాయన చేతికి సొంత మేనల్లుడి సినిమా వచ్చింది. అక్క కొడుకు. వాడికిది మొదటి సినిమా, అదీ దయ్యం సినిమా. కథలో ఒకావిడకి కూతురు పోయింది. ఆ పిల్ల గది తలుపు అప్పటినుంచీ మూసే ఉంటుంది. ఒకరోజు ఆవిడ పని చేసుకుంటూ చేసుకుంటూ ఆ తలుపు ముందు ఆగిపోతుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది. అలా నిలబడే ఉంటుంది. నిమిషం పైనే నిలబడి, తలుపు తీయకుండా వెనక్కి వచ్చేస్తుంది. అంతే సీను. ఏమీ జరగదు. "సినిమా అంతా ఈ ఏమీ జరగకపోవడం మీదే నిలబడి ఉంది మామయ్యా" అన్నాడు మేనల్లుడు. మామయ్య మురిసిపోయాడు. మన రక్తం ఎక్కడికి పోతుంది అనుకున్నాడు.

గొడవ నిర్మాత దగ్గర వచ్చింది. నిర్మాత చెడ్డవాడేం కాదు. ఇళ్ళు కట్టి అమ్మి పైకొచ్చినాయన కాబట్టి, ఎక్కడైనా ఖాళీ జాగా కనిపిస్తే ఏదో ఒకటి లేపేదాకా ఆయనకి నిద్ర పట్టదు.

"నిమిషం పైన ఏమీ లేకుండా వదిలేస్తే ఎలాగండీ? జనం ఫోన్లు తీసి చూసుకుంటారు. నలుగురు వయొలిన్ వాళ్ళని పెట్టి కుయ్ కుయ్‌మనిపిస్తే సరిపోయేదానికి ఇంత పంతం దేనికి?"

"కుయ్ కుయ్‌మంటే ఏదో రాబోతోందని ముందే చాటింపు వేసినట్టు. చెప్పి వచ్చేది చుట్టం, భయం కాదు" అన్నాడు పాముచెవులాయన. "మీ ఇంట్లో ఫ్రిజ్ మోగుతున్నంతసేపూ మీరు విన్నారా? ఠక్కున ఆగిపోయినప్పుడు కదా తలెత్తి చూస్తారు! నాకు కావలసింది ఆ తలెత్తడం."

నిర్మాతకి సగం అర్థమైంది, సగం కాలేదు. మేనల్లుడు అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నలిగాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ముందుగా ఓ చిన్న హాల్లో కొంతమందికి సినిమా చూపిస్తారు. ఆ సీనుకి జనం బెదిరితే సరే. బెదరకపోతే వయొలిన్లు వస్తాయి, సినిమా ఇంకో స్టూడియోకి పోతుంది.

"బెదరకపోతే మీరు చెప్పక్కర్లేదు. ఇక ఈ కుర్చీలో నేను కూర్చోను" అని తేల్చేశాడాయన. తాడో పేడో అన్నమాట. బయటికొచ్చాక కూడా ఆవేశం తగ్గలేదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వీడితో" అని కారెక్కేదాకా సణుగుతూనే ఉన్నాడు.

అయితే సినిమాలో నిశ్శబ్దం అంటే మీట కిందకి లాగేసి ఊరుకోవడం కాదు. అలా చేస్తే అది నిశ్శబ్దం అనిపించదు, చెవుల్లో దూది కుక్కినట్టు ఉంటుంది. ఏ గదికి ఆ గది నిశ్శబ్దం వేరు. అందుకే షూటింగ్ అయ్యాక సామాన్లు సర్దేముందు, అందరినీ కాసేపు ఊపిరి బిగబట్టి నిలబడమని, ఆ గది ఊరికే ఉన్నప్పుడు ఎలా ఉంటుందో రికార్డు చేస్తారు. ఈ సినిమాకీ చేశారు. పాముచెవులాయన అది విని పక్కన పడేశాడు. "ఇందులో ఎవడికో ఆకలేస్తోంది" అన్నాడు. మళ్ళీ వింటే నిజమే, ఎవరి కడుపో గుర్రుమంది.

కాబట్టి తనే రికార్డరు పట్టుకుని షూటింగ్ జరిగిన ఫ్లాటుకి వెళ్ళాడు. కూడా ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఎడిటరమ్మాయి వెళ్ళింది. అవసరమైతే తప్ప పెదవి విప్పదని ఆ అమ్మాయిని అందరూ మూగనోము అంటారు. గుమ్మం దగ్గరే ఆమెను కూడా ఆపేశాడు.

"నువ్వూ కిందకి వెళ్ళమ్మా. మనిషి ఉంటే గది గదిలా ఉండదు."

"నేను కదలను సర్."

"నువ్వు కదలవు. నీ చున్నీ కదులుతుంది. వెళ్ళు."

మూగనోము దిగి వెళ్ళిపోయింది. ఆయన ఒక్కడే మిగిలాడు. ఫ్రిజ్ ఆపాడు, ఫ్యాన్లు ఆపాడు. గోడ గడియారంలో బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాడు. కారుతున్న కుళాయికి జేబురుమాలు చుట్టాడు. తనకి వినిపించిన ప్రతిదాన్నీ వెతికి వెతికి నోరు మూయించి, మైకుకి దూరంగా నేల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. దిగి వచ్చినప్పుడు ఆయన మొహం పెళ్ళికళతో వెలిగిపోతోంది. "చీమ చిటుక్కుమంటే ఒట్టు" అన్నాడు.

స్టూడియోలో ఆ నిశ్శబ్దాన్ని సీనుకి అతికించి మేనల్లుడికి వినిపించాడు. తెర మీద ఆవిడ గడియ మీద చెయ్యి వేసింది. మేనల్లుడు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. మెడ తడుముకున్నాడు. చెవి వెనక రుద్దుకున్నాడు.

"మామయ్యా, బావుంది గానీ... కొంచెం తగ్గిద్దామా?"

"తగ్గించడానికి ఇందులో ఏముందిరా!"

మేనల్లుడు మామయ్య మొహంలోకి చూశాడు. ఆయన మొహం పసిపిల్లాడి మొహంలా ఉంది. "అమ్మ మామయ్యా! నా దగ్గరే నాటకమా!" అని పకపకా నవ్వి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. మెచ్చుకుంటున్నాడనుకుని ఈయనా నవ్వాడు. గది ఇంకా దగ్గరగా రావాలని మీట మరికాస్త పైకి తోశాడు. వెనక కూర్చున్న మూగనోము ఏదో అనబోయింది. మళ్ళీ ఊరుకుంది.

హాల్లో చూపించే రోజు వచ్చింది. పాముచెవులాయన తెర వైపు చూడలేదు, వెనక గోడకి ఆనుకుని నిలబడి జనాన్నే చూశాడు. ముందు వరసల్లో కాలేజీ పిల్లలు, మధ్యలో ఉద్యోగాలవాళ్ళు, వెనక నిర్మాత, ఆయన భార్య, ఆయన స్నేహితులు. గడియ మీద చెయ్యి పడేసరికి ముందు వరసలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. ఒక పిల్ల రెండు చెవులూ మూసుకుంది. ఒకడు పక్కవాడి భుజంలో మొహం దాచుకున్నాడు. "తియ్యొద్దు, తియ్యొద్దు" అని ఎవరో ఏడుపు గొంతుతో అన్నారు. మధ్య వరసల్లో కొందరు చొక్కా కాలరు సర్దుకుంటూ, దవడ రుద్దుకుంటూ, ఎందుకో తెలియకుండా అవస్థపడ్డారు. వెనక వరసలో మాత్రం నిర్మాత గడియారం చూసుకున్నాడు. ఆయన భార్య కళ్ళజోడు తుడుచుకుంది. వయసు మీద పడితే గుండె రాయవుతుందిలే అని సరిపెట్టుకున్నాడు పాముచెవులాయన. ఒంట్లో రక్తం పరవళ్ళు తొక్కుతోంది. గెలిచాడు మరి.

దీపాలు వెలిగాక నిర్మాత వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "దాపరికం ఎందుకు, నాకూ మా ఆవిడకీ ఏమీ అనిపించలేదు. కానీ పిల్లలు చచ్చిపోయారండీ బాబూ! టిక్కెట్టు కొనేది వాళ్ళేగా. ఉంచండి మీ నిశ్శబ్దం."

వెనకే ఆయన కూతురు వచ్చింది, కాలేజీ పిల్ల. "అంకుల్, ఆ సన్న కూత ఎలా పెట్టారు? పళ్ళు జివ్వుమన్నాయి. ఆవిడ వెనక్కి వచ్చేశాక ఆగిపోయింది చూడండి, అప్పుడు ఏడుపొచ్చేసింది నాకు."

"ఏ కూతమ్మా?"

"చూశావా, చెప్పడు!" అన్నాడు మేనల్లుడు మామయ్య భుజం మీద చెయ్యి వేసి. "నాకే చెప్పలేదు. గుట్టు బయటపెడితే పాముచెవులెలా అవుతాడు?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు మేకపోతు గాంభీర్యమని ఆయనొక్కడికే తెలుసు.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు స్టూడియోకి వచ్చాడు. ఆ సీను పెట్టుకుని విన్నాడు. గది వినిపించింది, ఖాళీ గది, అంతే. శబ్దం పెంచి విన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. చివరికి శబ్దాన్ని బొమ్మగా చూపించే పేజీ తెరిచాడు. కింద అంతా నల్లగా, మసక మసకగా ఉంది. పైన, బాగా పైన, సన్న కూతలు పడే చోట, సీను మొదలు నుంచి చివరిదాకా ఒకే ఒక సన్నని గీత మెరుస్తోంది. చూస్తే ఉంది, వింటే లేదు.

మూగనోము సంచి భుజాన వేసుకుని లోపలికొచ్చింది. తెర మీద ఏముందో చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇది నీకు వినపడుతోందా?"

"వినపడుతోంది సర్."

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజు నుంచీ. ఏ ప్లగ్గులోనో ఫోన్ చార్జర్ ఉండిపోయుంటుంది. అవి అలాగే కూస్తాయి. ఆరోజు నన్ను లోపలికి రానిచ్చుంటే..." అని ఆపేసింది.

"మరి చెప్పలేదేం?" గొంతు పెరిగింది. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని..."

"మీకు వినపడదని నేనెలా అనుకుంటాను సర్? పైగా మీరు పెంచారు. కావాలనే పెట్టారనుకున్నాను."

కోపం చల్లారిపోయింది. ఆ తరవాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది అడగకుండా ఉంటే బాగుండునని ఆయనకే అనిపించింది. అయినా అడిగాడు.

"ఇంతకుముందు సినిమాల్లోనూ ఉన్నాయా, ఇలాంటివి?"

మూగనోము సంచి కింద పెట్టింది. దాని పట్టీ సరిచేసింది.

"కొన్ని ఉన్నాయి సర్. మీరు భోజనానికి వెళ్ళినప్పుడు తీసేసేదాన్ని."

ఎన్నాళ్ళుగా అని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. తిట్టి ఉంటే, వెక్కిరించి ఉంటే ఎదురు తిరిగేవాడేమో. ఇన్నాళ్ళూ గుట్టుచప్పుడు కాకుండా తన వెనకాల తుడుస్తూ వచ్చిందంటే, ఇక ఏమని ఎదురు తిరుగుతాడు? సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మేనల్లుడు ఇంకాసేపట్లో వస్తాడు. ఆ కాసేపట్లో ఆయన మనసు పోని పోకడ లేదు. నోరు మూసుకుంటే చాలు. నిన్నటి గొప్ప గొప్పగానే మిగిలిపోతుంది. గుట్టు దాచుకున్న మహానుభావుడిగా ఇంకో నాలుగు కథలు పుడతాయి. మూగనోము పేరుకి తగ్గట్టు చచ్చినా చెప్పదు. కానీ రేపు ఇంకో సినిమా వస్తుంది, అందులో ఇంకో గీత ఉంటుంది. తను దాన్ని వినడు. ఎవరో ఒకరు తన భోజనాల వేళ కోసం కాచుకుని కూర్చోవాలి.

మేనల్లుడు ఈల వేసుకుంటూ వచ్చాడు. "మామయ్యా, నిర్మాత రాత్రంతా ఫోన్ చేసి..."

"అది తరవాత. కూర్చో. ఒక మోత పెడతాను. సన్నగా మొదలై ఇంకా ఇంకా సన్నబడుతుంది. వినిపించినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచు. ఆగిపోగానే దించు."

"ఏంటిది, బడా?"

"చెప్పింది చెయ్యరా."

ఇద్దరూ చెయ్యి ఎత్తారు. మోత మొదలైంది. దోమ పాటలా ఉన్నది దారమంత అయింది, వెంట్రుకంత అయింది, ఆయనకి ఆగిపోయింది. చెయ్యి దించాడు. మేనల్లుడి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆయన వాడి మొహం వైపు చూశాడు. వాడు కళ్ళు చిట్లించి వింటున్నాడు. తనకి ఏమీ లేని చోట వాడేదో వింటున్నాడు, వింటూనే ఉన్నాడు. మామయ్య చెయ్యి కిందకుండడం చూసి వాడి మొహంలో నవ్వు మెల్లిగా ఇంకిపోయింది.

"మామయ్యా... ఇంకా మోగుతోంది."

"తెలుసు."

అప్పుడు అంతా చెప్పాడు. గదిలోంచి అందర్నీ పంపేయడం, చార్జరు, గీత, భోజనాల వేళ తుడవడం, ఏదీ దాచలేదు. మేనల్లుడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "పోనీలే మామయ్యా, వయసు మీద పడితే అంత సన్న కూతలు ఎవరికైనా..." అని మొదలుపెట్టాడు.

"ఓదార్పు తరవాత. ముందు పని" అన్నాడు మామయ్య. "నేను నిశ్శబ్దం పెట్టాననుకుని కూత పెట్టాను. అది తీసేస్తే నేను వాదించింది మిగులుతుంది. ఉంచితే నిన్న జనం బెదిరింది మిగులుతుంది. నాకు రెండూ ఒక్కలాగే వినపడుతున్నాయిరా. కాబట్టి తేల్చాల్సింది నేను కాదు. రెండూ విను. మామయ్య బాధపడతాడని మాత్రం చెప్పకు."

మూగనోము కూత తీసేసి ఒకటి తయారుచేసింది. మేనల్లుడు రెండూ విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఈయన వాడి మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఎంత వద్దనుకున్నా లోపల ఒక ఆశ పీకుతూనే ఉంది, తీసేసిందే బాగుంది అనకూడదా అని.

"తీసేస్తే దిగులుగా ఉంది మామయ్యా" అన్నాడు వాడు చివరికి. "భయంగా లేదు. కూత ఉంటేనే భయం. అది ఆగాక వచ్చే నిశ్శబ్దం ఉంది చూశావా, దానికి ఇంకా భయం. ఉంచుదాం."

గుండెలో ముల్లు దిగింది. అబద్ధం చెప్పనందుకు వాడి మీద ముద్దూ వచ్చింది. రెండూ ఒక్కసారే వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని లేచి, కుర్చీ వెనక్కి లాగాడు.

"రామ్మా, కూర్చో" అన్నాడు మూగనోముతో. "ఆ కూత ఎంతుండాలో నువ్వే చూడు."

"మామయ్యా, అదేంటి! సీనుకి జనం బెదరకపోతేనే కదా కుర్చీ వదిలేస్తానన్నావు. బెదిరారుగా!"

"బెదిరారు. అయినా కూర్చోను" అన్నాడాయన.

ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాక గానీ మూగనోము కూర్చోలేదు.

సినిమా విడుదలయ్యాక ఒక మధ్యాహ్నం భార్యని తీసుకుని మామూలు థియేటర్‌కి వెళ్ళాడు. స్టూడియోకి తొందరపడి వెళ్ళడం మానేసి ఇంట్లో ఎందుకు తచ్చాడుతున్నాడో ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఒంట్లో నలతగా ఉందన్నాడు. ఆవిడ నమ్మినట్టే ఉంది. హాలు నిండింది. అంతా కుర్రకారే. ఎక్కడో ఒకచోట నెరిసిన తల.

సీను వచ్చింది. ఆవిడ పని చేసుకుంటూ ఆగిపోయింది. గడియ మీద చెయ్యి వేసింది.

ఆయన చుట్టూ ఎంత మంచి నిశ్శబ్దమంటే, జీవితమంతా వెతుక్కున్న నిశ్శబ్దం అదే. తలతిప్పి చూశాడు. పక్క కుర్రాడు పళ్ళు బిగించాడు. ముందు వరసలో అమ్మాయి చెవులు మూసుకుని తల ఒళ్ళోకి వంచేసింది. తెర వెలుతురులో వరస తరవాత వరస, ఎటు చూసినా మొహాలు ముడుచుకుపోయి ఉన్నాయి. అందరూ దేన్నో వింటున్నారు. అంత హాల్లో అందరినీ పట్టుకున్నది ఆయన్ని మాత్రం తాకకుండా పక్కనుంచి పోతోంది. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఎన్ని దయ్యాలకి గొంతులిచ్చాడో ఆయనకే లెక్క లేదు, ఒక్కటీ ఆయన్ని బెదిరించలేదు. ఇప్పుడు భయం వేసింది. చీకట్లో తడుముకుని భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమండీ," ఆవిడ చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది, "సౌండ్ పోయినట్టుంది. వెళ్ళి చెప్పండి, మీ మేనల్లుడి సినిమా పాడవుతుంది."

"పోలేదే. మోగుతోంది."

"అదేంటి, నాకేం వినపడటం లేదే?"

"నాకూ వినపడటం లేదు" అన్నాడు.